ఆలస్యం ఎవరి నేరం?



ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ గురించి ఈ మధ్య ఒక విమర్శ తరచుగా వినవస్తోంది. కొత్త ప్యాకేజీ తయారై నెలలు గడిచినా దానికి ‘స్టేబుల్’ ముద్ర పడడం లేదట. ఆ పని చూసే స్వచ్ఛంద కార్యకర్తలు బద్ధకస్తులట. లైసెన్సు రుసుము చెల్లించకుండా లాభపడే కంపెనీలు ఈ మాట అంటే ఆశ్చర్యం లేదు. మన సోదరులు కొందరు కూడా అదే పాట అందుకోవడం మమ్మల్ని కలచివేసింది. అందుకే ఈ వ్యాసం.

ముందు ఆ ముద్ర అంటే ఏమిటో చూద్దాం. యార్డులో రేకు సిద్ధమైనంత మాత్రాన బండి కదలదు. టి.ఎక్స్.ఆర్. సిబ్బంది ప్రతి వ్యాగన్ కిందికి వంగి చూసి, బ్రేకులు పరీక్షించి, సర్టిఫికెట్ మీద సంతకం చేయాలి. స్టేబుల్ ముద్ర అట్టి సంతకమే. లినక్స్ ఆధారంగా నడిచే జెంటూ అనే వ్యవస్థలో కొత్త ప్యాకేజీ మొదట పరీక్షా విభాగంలో చేరుతుంది. మామూలుగా 30 రోజుల పాటు తీవ్రమైన దోషమేదీ బయటపడకపోతే, దానిని స్టేబుల్ చేయవలసిందిగా అభ్యర్థన నమోదవుతుంది. అప్పుడు ఒక్కొక్క రకం ప్రాసెసర్‌కు వేరువేరుగా పరీక్ష జరగాలి. ప్యాకేజీని ఆ యంత్రం మీద నిర్మించి, నడిపి, దానిపై ఆధారపడిన ఇతర ప్యాకేజీలు చెడిపోలేదని తేల్చుకున్న తరువాతనే ముద్ర వేయాలి. ఇందులో కొంత భాగాన్ని నేడు యంత్రాలకే అప్పగించినా, పూచీ మాత్రం మనిషిదే. ఆ మనుషులలో అత్యధికులకు దమ్మిడీ జీతం లేదు. పగలు వేరొక చోట ఉద్యోగం చేసి, రాత్రులూ ఆదివారాలూ ఈ పనికి ధారపోస్తున్నారు.

మనుషులు చాలకపోతే ఏమవుతుంది? 2013లో జెంటూ పాలకమండలి ఎం68కె, ఎస్390, ఎస్‌హెచ్ అనే మూడు రకాల ప్రాసెసర్లకు స్టేబుల్ ముద్ర వేయడమే మానుకుంది. ఖాళీలు భర్తీ చేయక చేయక, చివరకు పోస్టునే రద్దు చేసే పద్ధతి మనకు కొత్త కాదు. ఒక్కటే తేడా: ఇక్కడ ఆ పోస్టుకు ఎన్నడూ జీతమే లేదు.

“అయితే పరీక్షలు తగ్గించండి, వేగంగా ముద్ర వేయండి” అంటారు విమర్శకులు. రైల్వే సోదరులకు ఈ మాట వెనుక ఉన్న అపాయం విడమరచి చెప్పనక్కరలేదు. నిబంధన ప్రకారం పని చేస్తే బండి ఆలస్యమైతే, తప్పు నిబంధనది కాదు, మనుషులు చాలరన్నదే దాని అర్థం. ఈ సత్యాన్ని మన సిబ్బంది ఎన్ని ‘వర్క్ టు రూల్’ ఆందోళనలలో రుజువు చేయలేదు?

2024లో జరిగిన ఎక్స్‌జెడ్ ఉదంతమే చూడండి. సమాచారాన్ని కుదించే ఈ చిన్న ప్యాకేజీ ప్రపంచంలోని లెక్కలేనన్ని సర్వర్లలో ఉంది. దానిని సంవత్సరాల తరబడి కాపాడుతూ వచ్చినవాడు దాదాపు ఒంటరి మనిషి. 2022లో కొందరు “ఎందుకింత ఆలస్యం? చేతకాకపోతే ఇతరులకు అప్పగించు” అంటూ అతనిని బహిరంగంగా వేధించారు. తన మానసిక ఆరోగ్యం బాగులేదని, ఇది జీతం లేని పని అని అతను చెప్పుకున్నాడు. సాయం చేస్తానంటూ చేరిన ఒక కొత్త వ్యక్తి క్రమంగా నమ్మకం సంపాదించి, 2024 తొలి నెలల్లో వెలువడిన 5.6.0, 5.6.1 కూర్పులలో దొంగదారి అమర్చాడు. సర్వరులోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పట్టడం గమనించి, కారణం తవ్వి, ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు మార్చి 29న ఆ కుట్రను బయటపెట్టాడు. డెబియన్ అనే వ్యవస్థలో ఆ కూర్పులు అప్పటికి పరీక్షా విభాగాలలోనే ఉన్నాయి, స్టేబుల్‌లోకి ఎక్కలేదు. ఏ జాప్యాన్ని నేడు తిట్టిపోస్తున్నారో, ఆ జాప్యమే నాడు కవచమైంది. ఒంటరి మనిషి మీద మోపిన భారమే దొంగకు తలుపు తెరిచింది.

“వారు ఇష్టపడి చేస్తున్నారు కదా, జీతమెందుకు?” అనేది రెండవ వాదం. తపాలా సోదరులకు ఇది చిరపరిచితం. ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లు అని పేరు పెట్టి, “మీకు వేరే జీవనాధారం ఉంది, ఇది పూర్తికాలపు ఉద్యోగం కాదు” అంటూ దశాబ్దాల తరబడి వారికి రెగ్యులర్ జీతాన్ని నిరాకరించారు. వారు సివిల్ పోస్టులలో ఉన్నవారేనని 1977లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. గ్రామీణ డాక్ సేవకులుగా పేరు మారినా, వారి పోరాటం నేటికీ ముగియలేదు. సాఫ్ట్‌వేర్ కార్యకర్త తనంత తానుగా ఈ పనిలోకి వచ్చిన మాట నిజమే. కాని ఇష్టంతో మొదలుపెట్టిన పని ఇతరుల వ్యాపారానికి పునాది అయిన తరువాత కూడా దానిని అభిరుచి అనడం దోపిడికి అందమైన పేరు పెట్టడమే.

మూడవ అభ్యంతరం ఆ కార్యకర్తలలో నుండే వస్తుంది గనుక గౌరవంతో పరిశీలించాలి. డబ్బు ప్రవేశిస్తే ఐక్యత చెడుతుందని వారి భయం. అది నిరాధారం కాదు. డెబియన్‌లో 2002 జూలై తరువాత తదుపరి స్టేబుల్ విడుదల 2005 జూన్‌లో గాని రాలేదు. ఆ పై విడుదలనైనా 2006 డిసెంబరులో సకాలంలో తేవాలని, విరాళాలు పోగుచేసి ఇద్దరు విడుదల నిర్వాహకులకు చెరి ఒక నెల జీతం ఇచ్చే పథకం తెచ్చారు. మిగిలినవారిలో అలజడి రేగింది. కొందరు తమ పని తగ్గించుకున్నామని ప్రకటించారు. చివరకు విడుదల 2007 ఏప్రిల్‌లో జరిగింది. దీని నుండి జీతం కూడదనే గుణపాఠం తీయడం పొరపాటు. ఇద్దరికి జీతమూ వందలమందికి మెప్పూ పంచితే చీలిక వస్తుందనేదే అసలు గుణపాఠం. 2014 నుండి అదే డెబియన్‌లో పాత విడుదలల భద్రతా మరమ్మతులకు కంపెనీల చందాలతో గంటల లెక్కన వేతనం ఇస్తున్నారు. చేసిన పనికి నెలనెలా బహిరంగ నివేదిక వెలువడుతోంది. మన యూనియన్లలో పూర్తికాల కార్యకర్తకు సభ్యుల చందాల నుండే భృతి ముడుతుంది. అంతమాత్రాన ఉద్యమం అమ్ముడుపోలేదు. లెక్క సభ్యుల ముందు ఉండాలి, నియమం అందరూ కలిసి చేసుకోవాలి.

కనుక మా వైఖరి స్పష్టం. ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమిస్తూ భారత ప్రభుత్వం 2015లో విధానం ప్రకటించింది, ఆహ్వానిస్తున్నాం. కాని లైసెన్సుల మీద మిగిలిన సొమ్ములో కొంత భాగాన్ని పరీక్షకులకూ నిర్వాహకులకూ వేతనంగా కేటాయించాలి. జర్మనీ ప్రభుత్వం ఇందుకోసం 2022లోనే నిధి నెలకొల్పింది. మన ప్రభుత్వానికి అడ్డేమిటి? ఈ సాఫ్ట్‌వేర్ మీద వ్యాపారం చేసే కంపెనీలు తమ సిబ్బందికి జీతంతో కూడిన పనిగంటలు ఇచ్చి ఈ పనికి పంపాలి. పరీక్షా కాలాన్ని కుదించే ప్రయత్నాలు మానుకోవాలి.

సోదరులారా! ఇకపై మీ ఎదుట ఎవరైనా “ఆ స్వచ్ఛంద కార్యకర్తలు ఆలస్యం చేస్తున్నారు” అంటే, ఒక్క ప్రశ్న వేయండి: “వారికి జీతం ఎంత ఇస్తున్నారు?” జవాబు రాదు. ఆ మౌనమే మన వాదానికి సాక్ష్యం.

పనికి తగిన వేతనం సాధిద్దాం! శ్రామిక ఐక్యత వర్ధిల్లాలి!