కుంచె ఎవరి చేతిలో?

ధర్మపురి అనగానే మనకు గోదావరి ఒడ్డు గుర్తుకొస్తుంది. మేము చెప్పేది తమిళనాడులోని ధర్మపురి గురించి. ఆ జిల్లాలోనూ, 2004లో దాని నుంచి విడిపోయిన కృష్ణగిరిలోనూ ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడే కుటుంబాలున్నాయి. పశ్చిమ తమిళనాడు అంతటా ఉన్న అరుంధతీయుల్లో చాలామంది ఇంటి భాష తెలుగే. పాకీపని, తోలుపని తరతరాలుగా ఈ సమాజం వారి నెత్తిన రుద్దింది. 2009లో తమిళనాడు వారికి ఎస్సీ కోటాలో 3 శాతం వాటా ఇచ్చింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. చదువుకు, ఉద్యోగానికి దారి కొంత తెరుచుకుంది. మరి తమ మనసులోది తమ మాటల్లో చెప్పుకునే దారి?

ఇక్కడే వీడియో గేముల ప్రస్తావన తెస్తున్నాం. గేమ్ అంటే తుపాకులు, డబ్బులు తినేసే రమ్మీ అని మన ఇళ్లలో భయం. ఆ భయం ఉత్తదేమీ కాదు. అయితే మనిషి లోపలికి చూసే గేములూ ఉన్నాయి.

2021లో వచ్చిన ‘చికొరీ’లో లోకానికి రంగులద్దే కుంచె ఒక పేరుపొందిన కళాకారిణి దగ్గర ఉంటుంది. ఆమె కుంగిపోయి గది తలుపు వేసుకుంటుంది. రంగులన్నీ మాయమవుతాయి. అప్పుడు కుంచె అందుకునేది ఆమె నివాసాన్ని ఊడ్చి తుడిచే పనిమనిషి. ‘దీనికి నేను తగుదునా?’ అన్న సందేహం ఆ పాత్రను వెంటాడుతూనే ఉంటుంది. గేమ్ తయారుచేసినవారికి మన కులాలతో పనిలేదు. చీపురు పట్టిన చేతికి కుంచె తగదని చెబుతూ వచ్చిన దేశంలో మనకు మాత్రం ఆ సందేహం ఎక్కడిదో తెలుసు.

2015 నాటి ‘ది బిగినర్స్ గైడ్’ మనలాంటి సంఘాలకు మరింత సూటిగా తగులుతుంది. అందులో కథకుడు తన మిత్రుడు చేసిన చిన్న చిన్న గేములు చూపిస్తూ, ఒక్కొక్కదానికీ అర్థం చెబుతుంటాడు. వాటిలో కనిపించే దీపస్తంభాలు మిత్రుడు పెట్టినవి కావనీ, ముగింపు ఉండాలని తానే పాతాడనీ చివరికి బయటపడుతుంది. తన పనిని ఎవరికీ చూపవద్దని ఆ మిత్రుడు ముందే వేడుకున్నాడు.

2012 నవంబరు 7న, కులాంతర వివాహం సాకుగా, ధర్మపురి జిల్లాలో నత్తం కాలనీ, అణ్ణానగర్, కొండంపట్టిలలో దళితుల ఇళ్లు రెండు వందలకు పైగా ధ్వంసమయ్యాయి. అలాంటి చోట నిజనిర్ధారణ నివేదికలు కావాలి. సాక్ష్యాలు నమోదు కావాలి. కానీ అక్కడి పిల్లవాడు కాలిన ఇంటి గురించి మాత్రమే చెప్పాలని ఎదురుచూడడం ఇంకో కంచె. వాడికి క్రికెట్ గురించి, ఒంటరితనం గురించి, అసలు ఏ నీతీ లేని ఓ కల గురించి చెప్పాలని ఉండవచ్చు. సృజనశక్తి దేవుడిచ్చిన వరమని నమ్మే మనం, దాన్ని బాధితుడన్న ఒక్క గుర్తింపుకే కట్టేయకూడదు.

అలాంటి కథా గేములు చేయడానికి కోట్లు అక్కర్లేదు. ట్వైన్ అనే ఉచిత పరికరం బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. ప్రోగ్రామింగ్ రాకపోయినా మాటలు రాసి, వాటిని లింకులతో కలుపుకుంటూ పోవచ్చు. చర్చి హాల్లో ఒక కంప్యూటరు, వారానికో సాయంత్రం చాలు.

మా విన్నపం ఒకటే. తెలుగు లిపి రాని పిల్లలు తమ తెలుగును తమిళ అక్షరాల్లో రాస్తే రాయనివ్వండి. ఇంటి యాసను దిద్దకండి. చివర వాక్యం మీరు చేర్చకండి. వారు సరే అనకుండా ఎవరికీ చూపకండి. వారి కథలో వెలుగు ఎక్కడ పెట్టాలో వారికి తెలుసు. మన దీపస్తంభాలు మన దగ్గరే ఉంచుకుందాం.