సెకండ్ షోకి ఎవరెవరొస్తారు?

సినిమాకి వెళ్ళడంలో కష్టమంటే మీ లెక్కలో టికెట్ సంపాదించడమే! బుకింగ్ తెరుచుకునే నిమిషం కోసం ఫోన్ చేతిలో పట్టుకుని, అన్నం కూడా ఎడంచేత్తో తినే వీరులు మీలో ఎంతమంది వున్నారో నాకు తెలుసు. కానీ పెళ్ళయి ఇద్దరు పిల్లలున్న వాళ్ళనోసారి అడిగి చూడండి. టికెట్టా, అదీ ఒక కష్టమేనా అని నవ్వుతారు. మొగుడూ పెళ్ళాం కలిసి, పిల్లల్లేకుండా, ఒక్క సెకండ్ షో చూసి రావాలంటే ఎంత మంత్రాంగం నడపాలో మా అపార్ట్‌మెంట్ సెల్లారులో పది రోజులపాటు కూర్చుని విన్నవాణ్ణి నేను. ఆ ముచ్చటే ఈ వారం.

2025 మే నెల మొదటి రోజులు. మాది బెజవాడ. ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. రాత్రి భోజనాలయ్యాక సెల్లారులో కార్ల మధ్య నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు పడతాయి. మామ్మగారు ఒకరు మెట్ల మీద కూర్చుని విసనకర్ర ఊపుకుంటారు. పిల్లలు సైకిళ్ళేసుకుని మోకాళ్ళు పగలగొట్టుకుంటూ వుంటారు. నేను పైన పెంట్‌హౌస్‌లో ఒంటిగదిలో అద్దెకుండే బ్రహ్మచారిని. పేపర్లకీ పత్రికలకీ సినిమా సంగతులు రాస్తానని అందరికీ తెలుసు కనక, "మీకు పాసులొస్తాయటగా?" అని కుర్చీ జరుపుతారు. (రావు. అయినా కుర్చీలో కూర్చుంటాను.)

అన్నట్టు ఓ సంగతి. మా అపార్ట్‌మెంట్లో నలభై లోపు ఆడవాళ్ళెవరికీ పేర్లు లేవు! చింటూ వాళ్ళమ్మ, పండు వాళ్ళమ్మ, కవలల వాళ్ళమ్మ... అంతే. మగవాళ్ళ పేర్లు మాత్రం కరెంటు బిల్లుల మీద కనిపిస్తాయి. పిలిచేటప్పుడు వాళ్ళూ చింటూ వాళ్ళ నాన్నే, పండు వాళ్ళ నాన్నే.

కబురు తెచ్చింది పండు వాళ్ళ నాన్న. 'జగదేకవీరుడు అతిలోకసుందరి' మళ్ళీ రిలీజు, మే 9న, అదీ త్రీడీలో కూడా అని. వైజయంతీ మూవీస్ వాళ్ళ చిత్రం, రాఘవేంద్రరావుగారి దర్శకత్వం, ఇళయరాజా సంగీతం, చిరంజీవి, శ్రీదేవి... మీకు కొత్తగా పరిచయం చెయ్యాల్సిన పని లేదు. మొదటిసారి విడుదలైంది 1990 మే 9న. సరిగ్గా అదే రోజు పెద్ద తుఫాను కృష్ణా నది సముద్రంలో కలిసే చోటుకి దగ్గర్లో తీరం దాటింది. కోస్తా అంతా వానలు, వరదలు. సినిమా కొట్టుకుపోయిందనుకున్నారు. నీళ్ళు తీశాయి, జనం వచ్చారు, బొమ్మ చరిత్రలో నిలబడింది.

"అప్పుడు నాకు ఆరేళ్ళు. గుడివాడలో మా నాన్న భుజాన కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు, రోడ్డంతా నీళ్ళు" అన్నాడు పండు వాళ్ళ నాన్న. "మళ్ళీ అదే సినిమా వస్తుంటే ఇంట్లో కూర్చుంటే ఎట్టా?"

"అయితే పండుగాణ్ణి భుజాన ఎక్కించుకుని వెళ్ళండి" అంది వాళ్ళావిడ.

"వాడు ఇరవై ఆరు కేజీలే!"

అలా మొదలైంది. మొదటి రాత్రి అందరూ వస్తామన్నారు. రెండో రాత్రికి పిల్లల లెక్క తీస్తే పదకొండు మంది తేలారు. మూడో రాత్రి త్రీడీయా, టూడీయా అన్న దగ్గర ఆగింది. చింటూ వాళ్ళ నాన్నకి ఇప్పటికే కళ్ళద్దాలున్నాయి, వాటి మీద ఇంకో అద్దాలు పెట్టుకుని శ్రీదేవిని చూడ్డం ఆవిణ్ణి అవమానించడమేనని ఆయన వాదన. ఓట్లు వేశారు. టూడీ గెలిచింది. నాలుగో రాత్రి కవలల వాళ్ళ నాన్నకి నైట్ డ్యూటీ పడిందని తెలిసింది. ఆయన ఎవరితోనో డ్యూటీ మార్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఇవన్నీ ఎలాగో దాటొచ్చు. దాటలేనిది ఒక్కటే వుంది. పిల్లల దగ్గర ఎవరుంటారు?

"తీసుకెళ్ళిపోదాం, ఏముంది!" అన్నాడు పండు వాళ్ళ నాన్న. ఈ మాట ఎప్పుడూ నాన్నలే అంటారు, గమనించారా? తొడమీద పిల్లాడు లేకుండా సినిమా చూసేది వాళ్ళే మరి.

అప్పుడు మాట్లాడింది చింటూ వాళ్ళమ్మ. నేను వదినగారంటాను. మూడు రాత్రుల నుంచీ ఒక్క మాటా అనకుండా మామిడికాయ ముక్కలు తరుక్కుంటూ కూర్చున్నావిడ.

"నేను పూర్తిగా సినిమా చూసి ఎనిమిదేళ్ళయింది" అంది.

"అదేంటి వదినగారూ, మొన్న సంక్రాంతికి కూడా వెళ్ళారుగా?"

"వెళ్ళాను. చూడలేదు."

లెక్క చెప్పడం మొదలెట్టింది చూడండి! కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు అని 2015 నుంచి 2017 దాకా దేశమంతా తలలు పట్టుకుందా? 'బాహుబలి' రెండో భాగానికి వెళ్ళారు. చింటూకి అప్పటికి నెలల వయసు. సరిగ్గా కట్టప్ప కత్తి తీసే ముందు వాడు గుక్కపట్టాడు. ఈవిడ వాణ్ణెత్తుకుని బయట వరండాలో, కూల్‌డ్రింకుల ఫ్రిజ్ పక్కన నడుస్తోంది. లోపల్నుంచి జనం గోల, వాద్యాల హోరు. కట్టప్ప ఎందుకు చంపాడో ఆవిడకి ఇంటికెళ్ళేటప్పుడు బండి మీద మొగుడు చెప్పాడు, హెల్మెట్‌లోంచి. 'మహానటి'లో సావిత్రి పెళ్ళిదాకా చూసింది, ఆ తర్వాత పాలసీసా. 'ఆర్ఆర్ఆర్' నాటికి రెండోది పుట్టింది. నాటు నాటు పాట చూసింది. ఇంటర్వెల్ ముందు పులులూ జంతువులూ లారీలోంచి దూకేసరికి పిల్ల హడలిపోయి గొంతెత్తింది. మళ్ళీ వరండా. మళ్ళీ ఫ్రిజ్.

"బెజవాడ హాళ్ళలో ఏ వరండాలో ఫ్యాన్ తిరుగుతుందో, ఏ వరండాలో తిరగదో అడగండి, చెప్తాను" అంది నవ్వుతూ. కానీ ఆ నవ్వుకి ఎవరూ నవ్వలేదు. చింటూ వాళ్ళ నాన్న తన చెప్పు వంక చూసుకుంటూ కూర్చున్నాడు.

నిజం చెప్పొద్దూ, హాల్లో పక్కసీటు పసివాడు ఏడిస్తే మనం ఏం చేస్తాం? "ష్" అంటాం. ఇంకా తెగించిన వాళ్ళు "బయటికి తీసుకెళ్ళండమ్మా" అని కేకేస్తారు. ఆవిడ లేచి వెళ్తుంది, మనకి డైలాగు వినబడుతుంది. ఆ వెళ్ళినావిడ తిరిగి ఎప్పుడొచ్చిందో మీలో ఎవరన్నా చూశారా? మన టికెట్టుకి ఎంతో, ఆవిడ టికెట్టుకీ అంతే!

మామ్మగారు అప్పుడు విసనకర్ర ఆపారు. "మా రోజుల్లో ఈ బాధ లేదర్రా" అన్నారు. ఆవిడ చెప్పేది టూరింగ్ టాకీస్ సంగతి. గుడారంలో పగలు బొమ్మ కనబడదు కనక రోజుకి రెండే ఆటలు, ఫస్టు షో, సెకండు షో. ఆడవాళ్ళు ఓ పక్క, మగవాళ్ళు ఓ పక్క, మధ్యలో అడ్డు. నేల టికెట్టంటే ఇసకే. ఇంటి దగ్గర్నుంచి దుప్పటి పట్టుకెళ్ళి పరిచేవారట. పిల్లలు సగం బొమ్మకే నిద్రపోయేవాళ్ళు. ఏడిస్తే పక్కావిడ ఎత్తుకునేది. ఒకటే మిషను, రీళ్ళు మార్చినప్పుడల్లా ఆగేది కనక పాలివ్వడానికీ తీరికే. ఆట అయ్యాక నిద్రపోయే పిల్లల్ని భుజాన వేసుకుని, లాంతరు పట్టుకుని, పొలం గట్ల మీద ఇళ్ళకి.

"ఇప్పుడు కుర్చీకీ కుర్చీకీ మధ్య చెక్కలు పెట్టారు. పిల్లాణ్ణి ఎక్కడ పడుకోబెడతారు?" అన్నారు మామ్మగారు. పాయింటే! పైగా మూడేళ్ళు దాటితే మల్టీప్లెక్సుల్లో టికెట్ కొనాలి. నాలుగువైపులా గోడల్లోంచి, నడినెత్తి మీంచి శబ్దం. పెద్దవాళ్ళకే గుండె దడ, ఇంక పసివాళ్ళ చెవుల మాటేమిటి?

కవలల వాళ్ళమ్మకి ఇంకో అనుమానం. "రాత్రి పదకొండు దాటితే పిల్లల్ని హాల్లోకి రానివ్వరట కదా, మా హైదరాబాదు చెల్లెలు చెప్పింది" అంది. ఇది నా శాఖ కనక నేను కలగజేసుకున్నాను. పదహారేళ్ళ లోపు పిల్లల్ని పొద్దున పదకొండు ముందూ, రాత్రి పదకొండు తర్వాతా థియేటర్లలోకి రానివ్వద్దని 2025 జనవరిలో తెలంగాణ హైకోర్టు అన్న మాట నిజమే. మార్చిలో ఆ ఆంక్ష ఎత్తేశారు. అది తెలంగాణ వరకే, మనకి కాదు. ఇంకో సంగతి కూడా చెప్పాను. తిరువనంతపురంలో కేరళ ప్రభుత్వ సంస్థ నడిపే కైరళి, శ్రీ, నిళ థియేటర్ల ఆవరణలో 2022లో ఏడ్చే పిల్లల కోసం అద్దాల గది కట్టారు. అందులో ఉయ్యాల వుంటుంది, తల్లి పిల్లాణ్ణి ఊపుకుంటూ అద్దంలోంచి తెర చూడొచ్చు, పిల్లాడి ఏడుపు హాల్లోకి వినబడదు.

"కేరళ ఎంత దూరం?" అంది వదినగారు.

ఇంత చర్చలోనూ పాపం అక్కడే సైకిల్ తొక్కుతున్న పిల్లలకి ఏమీ తెలీదనుకున్నారు. చింటూ వచ్చి, "మేమొస్తే సినిమాలో పిల్లలు కూడా వున్నారుగా, మీరెందుకు మమ్మల్ని వదిలేస్తున్నారు?" అని సూటిగా అడిగాడు. గైడు రాజు తల్లీదండ్రీ లేని పిల్లల్ని చేరదీసి పెంచే కథ అది. ఆ కథ చూడ్డానికి తల్లిదండ్రులు పిల్లల్ని ఇంట్లో వదిలి బయల్దేరుతున్నారు! ఎవరూ జవాబు చెప్పలేదు. పండు వాళ్ళ నాన్న ఐస్‌క్రీమ్ బండి వైపు నడిచాడు.

ఆఖరికి దారి చూపించింది రెండో అంతస్తు అమ్మాయి. డిగ్రీ సెకండియర్, అంటే మీ వయసే. లిఫ్టు దగ్గర నిలబడి ఇదంతా విని, "నేనూ మామ్మగారూ చూసుకుంటాం లెండి" అంది. వెంటనే షరతు పెట్టింది. తనకీ, తన ముగ్గురు ఫ్రెండ్స్‌కీ ఆదివారం మ్యాట్నీ టికెట్లు. పాప్‌కార్న్‌తో సహా! బేరం కుదిరింది. పదకొండు మందిలో నలుగురు సెలవులకి అమ్మమ్మల ఇళ్ళకి వెళ్ళిపోయారు. మిగిలిన ఏడుగురికీ మామ్మగారి హాల్లో వరసగా చాపలు. నీళ్ళసీసాలు, దోమల బిళ్ళలు, ఒకడికి వాడి దిండే కావాలి, ఇంకోదానికి నిద్రలో కాలు పట్టాలి... ఈ సూచనలన్నీ ఓ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించారు. కాగితం రెండు వైపులా నిండింది.

శనివారం రాత్రి గాంధీనగర్ వైపు నాలుగు బళ్ళు, ఓ కారు. నేను కారులో డ్రైవరు పక్కన. వెనక ముగ్గురు ఆడవాళ్ళు. కాలవ దాటేదాకా ముగ్గురూ గేటు తాళాల గురించీ పాల గ్లాసుల గురించీ మాట్లాడారు. దాటాక శ్రీదేవి చీరల గురించి మొదలెట్టారు.

ఇంటర్వెల్లో హాలంతా వెలుగొచ్చేసరికి మా వరసలో ఫోన్లన్నీ చెవులకెక్కాయి. "పడుకున్నారా? పాలు తాగిందా?" వదినగారి ఫోను మాత్రం సంచీలోనే వుంది. "వరండాలోకి వెళ్ళొద్దాం రా, కాళ్ళు పట్టేశాయి" అని పండు వాళ్ళమ్మ పిలిస్తే, "నేను రాను" అంది. కూర్చున్న కుర్చీలోంచి కదల్లేదు. సెకండాఫ్ మొదలయ్యే ముందు ప్రకటనలన్నీ, పొగాకు హెచ్చరికతో సహా, కన్నార్పకుండా చూసింది. 'అబ్బనీ తియ్యనీ దెబ్బ' పాటకి మన కుర్రాళ్ళు కాగితాలు ఎగరేస్తుంటే రెండు కాగితం ముక్కలు ఆవిడ జడలో చిక్కుకున్నాయి. ఇంటికెళ్ళేదాకా తీసుకోలేదు. ఆఖర్న పేర్లు పడేదాకా, ఊడ్చే కుర్రాడు చీపురు పట్టుకుని వచ్చేదాకా చింటూ వాళ్ళ నాన్న కూడా లేవలేదు. ఆయన తెర చూడ్డం లేదు, ఆవిణ్ణి చూస్తున్నాడు.

ఒంటిగంట దాటింది ఇల్లు చేరేసరికి. ఏడుగురిలో ఆరుగురు నిద్ర. చింటూ మాత్రం చాప మీద కూర్చుని కోపంగా వున్నాడు. "ఏమైంది సినిమాలో?" అన్నాడు. వదినగారు మెట్ల మీద కూర్చోబెట్టుకుని కథ మొదలుపెట్టింది... ఉంగరం, మాంత్రికుడు, ఇంద్రజ... అన్నీ వరసగా, చివరిదాకా. నేను నా గదికి ఎక్కుతుంటే రెండు అంతస్తుల పైదాకా వినిపిస్తూనే వుంది.

రెండో రోజు రాత్రి మళ్ళీ కుర్చీలు పడ్డాయి. ఈసారి ఆడవాళ్ళు మాత్రమే వెళ్తారట, పిల్లల దగ్గర మగవాళ్ళు వుంటారట. పండు వాళ్ళ నాన్న డ్యూటీ చార్టు వంక పెట్టబోతే కవలల వాళ్ళ నాన్న అడ్డుకున్నాడు. ఇంకా తేలలేదు. రెండో అంతస్తు అమ్మాయి మాత్రం లిఫ్టు దగ్గర చెయ్యి చాచి నిలబడింది. మ్యాట్నీ టికెట్లు నాలుగు, పాప్‌కార్న్ నాలుగు.