సిలిండరు కట్టనిదే జీపు కదలకూడదు

గ్రామ వైద్య శిబిరాలకు బయలుదేరే ముందు జీపు చుట్టూ నిలబడి ప్రార్థించుకోవడం మాకు అలవాటు. ఆమేన్ అనగానే ఎక్కి కూర్చుంటాం. వెనుక సామాను ఎలా ఉందో చూసేవారు ఉండరు. ఇది మారాలని మా అభిప్రాయం.

నర్సీపట్నం నుండి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్లే ఘాట్ రోడ్డు తెలిసినవారికి ఆ మలుపులు తెలుసు. ఒకసారి దిగి వస్తుండగా మలుపులో పశువులు అడ్డం వచ్చాయి. డ్రైవరు బ్రేకు వేశారు. జీపు ఆగింది గాని, వెనుక పడుకోబెట్టిన ఆక్సిజన్ సిలిండరు ఆగలేదు. దొర్లుకుంటూ వచ్చి మా సిస్టరు గారి చీలమండను కొట్టింది. ఆమె ఆరు వారాలు పిండికట్టుతో ఉన్నారు. తప్పు డ్రైవరుది కాదు, సామాను ఎక్కించిన మా అందరిదీ.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండి దేనినైనా గుద్దుకొని ఒక్క మీటరులో ఆగిపోతే, లోపల ఉన్న వస్తువు తన బరువుకు దాదాపు పది రెట్ల బలంతో ముందుకు తోసుకువస్తుంది. 15 కిలోల సిలిండరు 150 కిలోల బరువైనట్టే. దానిని చేత్తో పట్టుకుంటామనుకోవడం వట్టిమాట. "పాత సైకిలు ట్యూబుతో కట్టాం కదండీ" అంటారు మనవాళ్లు. రబ్బరు సాగుతుంది, ఆపదు. లారీలవాళ్లు వాడే బిగింపు నైలాను బెల్టు కావాలి. ఆ బెల్టును సీటు కాలికో, పైన పట్టుకునే హ్యాండిలుకో తగిలిస్తే లాభం లేదు. నేలకు అడుగున ఇనుప ప్లేటు వేసి, బోల్టుతో బిగించిన రింగులకు కట్టాలి.

బరువైనవి నేల మీద, ముందు సీటు వీపుకు ఆనించి ఉండాలి. పైన క్యారియరు మీద పరుపులు, టార్పాలిన్లు తప్ప మరేమీ వద్దు. నెత్తిన బరువు పెరిగితే మలుపులో జీపు పక్కకు ఒరుగుతుంది. టీకాల బాక్సు నిలువుగా, ఎండ తగలకుండా కట్టాలి. అది బోర్లాపడి మూత ఊడితే 2 నుండి 8 డిగ్రీల చల్లదనం నిలవదు. జనరేటరు డీజిలు డబ్బాను ఆక్సిజన్ పక్కన పెట్టడం మాత్రం మహా తెలివితక్కువ పని. (మేమూ పెట్టినవాళ్లమే.)

జాగ్రత్తపడితే విశ్వాసం తక్కువైనట్టా అని ఒక పెద్దాయన అడిగారు. కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టించాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ధర్మశాస్త్రమే చెబుతున్నది కదా అన్నాము.

కష్టమైన సంగతి వేరే ఉంది. తిరుగు ప్రయాణంలో రోగి వెంట బంధువులు నలుగురైదుగురు ఎక్కుతామంటారు. పెట్టెల మీదనే కూర్చుంటారు. చీకటి పడే వేళ, బస్సు లేని చోట కాదనడానికి నోరు రాదు. అయినా సీట్లున్నంత మందినే ఎక్కించాలని, బండి కదలాలో వద్దో డాక్టరు గారు కాక డ్రైవరే చెప్పాలని మేము కోరుతున్నాం. మిగిలినవారి కోసం అవసరమైతే రెండో నడక తిప్పాలి. డీజిలు ఖర్చవుతుంది, కానివ్వండి.

పెద్ద మిషన్లు ఇచ్చిన దాతలున్నారు. బెల్టులు, రింగులు ఇచ్చినవారు లేరు, మేము ఎన్నడూ అడగలేదు గనుక. ఈసారి కమిటీ ముందు అడుగుతున్నాం.