మాట వెనక కథ: చదువు రాకపోతే అసభ్యమా?

ఇంగ్లిషు నవలల్లో అప్పుడప్పుడూ తగిలే మాట ‘ల్యూడ్‌లీ’. విలన్ ఆ అమ్మాయి వంక ‘ల్యూడ్‌లీ’ చూశాడంటే, ఆ చూపులో వెకిలితనం ఉందని అర్థం. నిఘంటువు తీస్తే ‘అసభ్యంగా, కాముకంగా’ అని కనిపిస్తుంది. ‘ల్యూడ్’కి చివర ‘లీ’ చేరితే ‘ల్యూడ్‌లీ’... మన ‘అసభ్యం’ పక్కన ‘గా’ చేరినట్టన్నమాట.

విచిత్రమేమిటంటే, పుట్టినప్పుడు ఈ మాటకీ బూతుకీ ఏ సంబంధమూ లేదు!

వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లిషులో దీని రూపం ‘లేవెదె’. చర్చిలో మతాధికారి కానివాడు అని అర్థం. అంటే రైతు, కమ్మరి, వర్తకుడు, సైనికుడు... అందరూ ఆ లెక్కలోకే వస్తారు. అందులో తిట్టేమీ లేదు.

మరి చెడ్డపేరు ఎలా వచ్చింది? ఆ రోజుల్లో చదవడం, రాయడం, లాటిన్ నేర్వడం చాలావరకూ చర్చి వాళ్ల సొత్తు. మన ఆఫీసుల్లోని ‘క్లర్కు’, చర్చిలోని ‘క్లెరిక్’ ఒకే లాటిన్ మాట పిల్లలు కావడానికి కారణం అదే. చదువొచ్చినవాడు క్లర్కు అయితే, చదువురానివాడు ‘ల్యూడ్’ అయ్యాడు. 14వ శతాబ్దపు కవి ఛాసర్ తన ‘కాంటర్‌బరీ టేల్స్’లో ఓ పాత్ర చేత తననే ఎగతాళి చేయించుకున్నాడు. ఛందస్సు గురించి ఛాసర్‌కి తెలిసింది అంతంతమాత్రమే అంటుందా పాత్ర. అక్కడ వాడిన మాట ‘ల్యూడ్‌లీ’యే! అసభ్యంగా అని కాదు, మొరటుగా, తెలిసీ తెలియకుండా అని.

అక్కణ్నుంచి మాట జారుతూనే పోయింది. చదువురానివాడు అల్పుడయ్యాడు. అల్పుడు మోటువాడు, మోటువాడు దుర్మార్గుడు అయ్యారు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో వీధి రౌడీలకు ఈ మాటే వాడారు. కాముకత్వం అనే అర్థం 14వ శతాబ్దం చివరికే మొదలై, మిగతా అర్థాల పక్కనే బతికింది. చివరికి అదే మిగిలింది.

ఇది ఒక్క ‘ల్యూడ్’ గతే కాదు. ‘విలన్’ అంటే మొదట పొలంలో పనిచేసే మనిషి. ‘వల్గర్’ అంటే సామాన్య జనానిది. తిట్లుగా మారినవన్నీ శ్రమజీవుల పేర్లూ, మామూలు మనుషుల పేర్లే!

మన దగ్గర మాత్రం? ఊరికి సంబంధించినదనే అర్థమున్న ‘గ్రామ్యం’ అలంకారశాస్త్రంలో కావ్యదోషం. వాడుక తెలుగు కోసం గిడుగు రామమూర్తి ఉద్యమించినప్పుడు, కాదన్నవాళ్లు ఆ భాషకు వేసిన ముద్రా అదే. ఇలా మంచి అర్థం చెడ్డదైపోవడాన్ని భాషావేత్తలు ‘అర్థాపకర్ష’ అంటారు. ఒకప్పుడు పరిమళమైన ‘కంపు’ ఇప్పుడు ముక్కు మూసుకునేలా చేస్తోంది కదా! పండితుల్నీ ఈ జారుడు వదల్లేదు. వేదం చదివిన ‘ఛాందసుడు’ ఇప్పుడు మూర్ఖపు పట్టుదల మనిషి.

కలం ఎవరి చేతిలో ఉంటే, అవతలివాడి పేరే తిట్టవుతుంది. నిజానికి వెకిలి చూపుకి చదువుతో పనిలేదు. డిగ్రీలున్నవాళ్లూ ‘ల్యూడ్‌లీ’ చూడగలరు, బడి మొహం చూడనివాళ్లూ మర్యాదగా తల దించుకుని పక్కకి తప్పుకోగలరు. అందుకే ఇంట్లో పిల్లలు ఎవరినైనా ‘పల్లెటూరి బైతు’ అంటే ఒక్క క్షణం ఆపి, ఈ మాట కథ చెప్పండి!