దిక్సూచి పాఠమును ఏ భాషలో చెప్పాలి?

జూన్ నెలలో ఒక ఉదయం మీ బిడ్డను నల్లంపల్లి మైదానంలో ఉదయించే సూర్యునికి ఎదురుగా నిలబెట్టి, చేతికి దిక్సూచి ఇవ్వండి. సూర్యుడు పొడిచే దిక్కే తూర్పని మనం నేర్పాము. సూది అందుకు ఒప్పుకోదు. ఆ నెలలో సూర్యుడిక్కడ తూర్పునకు దాదాపు 24 డిగ్రీలు ఉత్తరంగా ఉదయిస్తాడు. సరిగా తూర్పున ఉదయించేది మార్చి, సెప్టెంబరు విషువ దినాలలోనే. మధ్యాహ్నపు నీడ ఉత్తరానికి పడుతుందన్న సూత్రం కూడా మే నుండి జూలై వరకు ఇక్కడ తలకిందులవుతుంది. సూది చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన ప్రాంతంలో భేదం రెండు డిగ్రీల లోపే. ఇనుప గేటుకూ సెల్‌ఫోనుకూ ఎడంగా నిలబడితే చాలు.

ఇంత చక్కని పాఠాన్ని ఏ భాషలో చెప్పాలి? ఒకటవ తరగతి నుండి దశలవారీగా తమిళాన్ని తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చింది. మన పిల్లలు తమిళం నేర్వడం మేలే. అందులో నాకు పేచీ లేదు. కాని ఇంట తెలుగు మాట్లాడే బిడ్డ ‘పడమర’ అంటే ఏమిటని అడిగితే మనసు చివుక్కుమంటుంది. తమిళుల ‘కిళక్కు’ పల్లపు వైపు, ‘మేర్కు’ మెరక వైపు. ఆ పేర్లు నేల వాలును బట్టి పుట్టాయి. మన ‘పడమర’ పొద్దు పడే వైపు. ఈ మాటలను పక్కపక్కన పెట్టి బోధిస్తే రెండు భాషలూ నిలుస్తాయి.

ధర్మపురి ఉత్తరాన, తొప్పూరు కనుమ దక్షిణాన ఉన్నాయని పిల్లలచేత సూదితో సరిచూపించండి. సాయంత్రం ఆ సంగతిని ఇంటిలో అవ్వకు తెలుగులోనే చెప్పమనండి.