మారుపేరైనా లేని చెరసాలలు

లోకంలో పేరుమోసిన చెరసాలలకు అసలు పేరుకన్నా మారుపేరే ఎక్కువ ప్రసిద్ధి. వియత్నాం యుద్ధకాలంలో హనోయ్ నగరపు హోవా లో జైలులో బందీలైన అమెరికన్ సైనికులు దానిని ఎగతాళిగా 'హనోయ్ హిల్టన్' అన్నారు. బ్యాంకాక్ దగ్గరి బాంగ్ క్వాంగ్ జైలును విదేశీయులు అదే వరుసలో 'బ్యాంకాక్ హిల్టన్' అంటే, థాయి ప్రజలు మాత్రం 'పెద్దపులి' అన్నారు, మనుషులను మింగుతుంది గనుక. రచయితలు, అధ్యాపకులు, విద్యార్థులు లెక్కకు మిక్కిలిగా మగ్గిన తెహ్రాన్ ఎవీన్ జైలుకు 'విశ్వవిద్యాలయం' అన్న పేరు వచ్చింది. సిరియాలోని సైద్‌నాయా జైలుపై 2017లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ వెలువరించిన నివేదిక దానిని 'మానవ కబేళా' అన్నది. 2024 డిసెంబరులో అసద్ పాలన కూలి ఆ తలుపులు తెరుచుకున్నప్పుడు అందులో అతిశయోక్తి లేదని లోకం కళ్ళారా చూసింది. ఇక మన 'కాలాపానీ' సంగతి చెప్పనక్కరలేదు. 1857 తిరుగుబాటు తరువాత అండమాన్‌కు పంపబడిన అల్లామా ఫజ్లె హఖ్ ఖైరాబాదీ 1861లో అక్కడే కన్నుమూశారు. మాల్టా ద్వీపంలో నిర్బంధంలో ఉండి 1920లో విడుదలైన మౌలానా మహమూద్ హసన్‌ను సమాజం నేటికీ 'అసీరె మాల్టా' అనే స్మరించుకుంటుంది.

ఒక చెరసాలకు మారుపేరు పుట్టాలంటే లోపలి సంగతి ఎవరో ఒకరు బయటికి చెప్పాలి. విన్నవారు నలుగురికి చెప్పాలి. మదనపల్లె, పీలేరు, వాయల్పాడు, కలికిరి ప్రాంతాల నుండి, పక్కనున్న రాయచోటి నుండి గల్ఫ్‌కు వెళ్ళి అక్కడి జైళ్ళలో చిక్కుకున్నవారి విషయంలో జరగనిది అదే. వారి జైళ్ళకు మన ఊళ్ళలో మారుపేరు లేదు; అసలు పేరు కూడా తెలియదు. "ఆడనే ఉండాడు, ఫోను చెడిపోయిందంట" అన్న ఒక్క మాటతో కుటుంబం గడప వేసుకుంటుంది. తిరిగివచ్చినవారి నోట రెండు మాటలు మాత్రం వినబడతాయి: ఒకటి 'తర్హీల్', అనగా దేశం నుండి పంపివేయడానికి ముందు ఉంచే నిర్బంధ కేంద్రం. రెండవది 'ఖల్లివెల్లి', కాగితాలు లేకుండా దాగి పనిచేసేవాడు.

కాగితాలు పోవడం వెనుక నేరమే ఉండనక్కరలేదు. మన ఆడపడుచులు 'ఖాదిమ్ వీసా'పై కువైట్‌లో ఇంటిపనికి వెళతారు. వీసా యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. జీతం ఇవ్వకనో, దెబ్బలకు తాళలేకనో ఆమె ఆ ఇల్లు విడిచిందా, పారిపోయిందని యజమాని ఫిర్యాదు చేస్తే చాలు. నివాస అనుమతి పోతుంది, పోలీసు చేతికి చిక్కితే నిర్బంధం తప్పదు. ఆ నిర్బంధం ఎలాంటిదో 2020 డిసెంబరులో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ రియాద్‌లోని తర్హీల్ గురించి రాసింది. వందలాది మందిని ఇరుకు గదుల్లో కుక్కారు. అందరూ ఒకేసారి పడుకునే చోటు లేక కొందరు పగలు, కొందరు రాత్రి వంతులవారీగా నిద్రపోయారు. అది కరోనా కాలం.

విదేశాల జైళ్ళలో 10,152 మంది భారతీయులున్నారని 2025 మార్చిలో కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. సౌదీ అరేబియాలో 2,633, యుఏఈలో 2,518, ఖతర్‌లో 611, కువైట్‌లో 387. విచారణ ఖైదీలూ ఈ లెక్కలోనే ఉన్నారు. పట్టిక దేశాలవారీగా చక్కగా ఉంది. తన బిడ్డ అందులో ఉన్నాడా లేడా అన్నది మాత్రం పీలేరు తల్లికి ఆ పట్టిక చెప్పదు. ఖైదీ సమ్మతి లేనిదే వివరాలు ఇవ్వరాదన్న గోప్యతా చట్టాలు చాలా దేశాల్లో ఉన్నాయన్నది ప్రభుత్వం తరచూ ఇచ్చే సమాధానం.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. 2008లో కుదిరిన ఒప్పందం ప్రకారం భారత్, పాకిస్తాన్ ప్రతి ఏటా జనవరి 1న, జులై 1న తమ జైళ్ళలోని ఎదుటి దేశపు ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. యుద్ధవాతావరణం ఉన్న ఏళ్ళలోనూ ఈ ఆనవాయితీ సాగింది. 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా ఇల్లు చేరారు. శత్రుదేశమని పిలుచుకునే చోటి నుండి ఏడాదికి రెండుసార్లు జాబితా వస్తుంటే, మన ప్రధానులకు ఘనస్వాగతం పలికే మిత్రదేశాల నుండి ఎందుకు రాదు? ఖైదీ సమ్మతి కావాలంటే, రాయబార కార్యాలయ సిబ్బంది జైలుకు వెళ్ళి సంతకం తీసుకోవచ్చు. ఖైదీ కోరితే అతని అరెస్టు సంగతి స్వదేశపు కాన్సులేట్‌కు తెలపాలని, కాన్సులేట్ అధికారులు అతన్ని కలవవచ్చని 1963 నాటి వియన్నా ఒప్పందం చెబుతూనే ఉంది.

శిక్షపడ్డవారిని స్వదేశపు జైలుకు తెచ్చే చట్టం మనకు 2003 నుండి ఉంది. సౌదీతో 2010లో, యుఏఈతో 2011లో, కువైట్‌తో 2013లో, ఖతర్‌తో 2015లో ఒప్పందాలపై సంతకాలయ్యాయి. ఖైదీ ఒప్పుకుంటే మిగిలిన శిక్ష ఇక్కడ అనుభవించవచ్చు, తల్లిదండ్రులు ములాఖత్‌కు వెళ్ళిరావచ్చు. అయినా దుబాయి జైలులో చిక్కిన సిరిసిల్ల ప్రాంతపు ఐదుగురు కూలీలు ఇల్లు చేరేసరికి 18 ఏళ్ళు పట్టింది. వారు 2024లో తిరిగివచ్చారు. ఒప్పందం బీరువాలో ఉంటే ప్రయోజనం లేదు. దాన్ని కదిలించే అర్జీ ఒకటి కావాలి.

మన ఇంటి సంగతి ఏమిటని అడిగేవారికి: ఇక్కడా 2022 చివరి లెక్కల ప్రకారం ఖైదీల్లో నూటికి దాదాపు 76 మంది విచారణ ఖైదీలే, వంద మంది పట్టే చోట 131 మంది. జనాభాలో 14.2 శాతమున్న ముస్లింలు 2019 చివరిలో విచారణ ఖైదీల్లో 18.7 శాతం. దీనిపై ఈ పత్రిక మౌనంగా లేదు, ఉండదు.

అయితే మన సమాజం తాను చేయవలసినది కూడా ఒకటుంది. జైలు అనే మాట పొక్కితే ఆడపిల్లల సంబంధాలు తప్పిపోతాయన్న భయంతో ఇళ్ళు నోరు మూసుకుంటున్నాయి. ఏ నేరమూ చేయకుండా యూసుఫ్ అలైహిస్సలాం ఏళ్ళ తరబడి చెరలో ఉన్నారని మింబర్ మీద నుండి వింటూనే, పక్కింటి ఖైదీ తల్లిని పలకరించడానికి జంకడం ఏమి న్యాయం? అప్పుల కేసుల్లో, చిన్న జరిమానాలు కట్టలేక లోపల ఉన్నవారి కోసం జకాత్ వెచ్చించే విషయాన్ని మస్జిద్ కమిటీలు స్థానిక ఉలమాతో చర్చించాలి. అప్పులపాలైనవారు జకాత్‌కు అర్హులన్నది మనకు కొత్త సంగతి కాదు. రాయబార కార్యాలయాల వద్ద 2009 నుండి ఉన్న భారతీయ సమాజ సంక్షేమ నిధి నుండి కూడా ఇలాంటి జరిమానాలకు, న్యాయసహాయానికి సొమ్ము అడగవచ్చు.

ప్రభుత్వాన్ని మేము కోరేది పెద్దదేమీ కాదు. గల్ఫ్ దేశాలతోనూ ఏడాదికి రెండు జాబితాలు. చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య జిల్లాల కలెక్టరేట్లలో ఒక్కొక్క బల్ల, ఒక గుమాస్తా, ఒక రిజిస్టరు. అలాంటి బల్లల వెనుక ఏళ్ళ తరబడి కూర్చున్నవాళ్ళం కనుక చెబుతున్నాం, దీనికి కొత్త జీవో కూడా అక్కరలేదు.

అంతవరకు, మనిషి జాడ తెలియని కుటుంబాలు ఆగవద్దు. పాస్‌పోర్టు, వీసా నకళ్ళు, ఇఖామా లేదా సివిల్ ఐడీ నంబరు, యజమాని పేరు, పంపిన ఏజెంటు పేరు, చివరిసారి ఫోను వచ్చిన తేదీ ఒక కాగితం మీద రాసుకోండి. విదేశాంగ శాఖవారి 'మదద్' పోర్టల్‌లో నమోదు చేయించి, ఒక ప్రతి ఏపీఎన్ఆర్‌టీ సొసైటీకి, ఒకటి కలెక్టరుకు ఇవ్వండి. చదువు రాని ఇంటివారికి మస్జిద్ దగ్గరి డిగ్రీ పిల్లలు రాసిపెట్టాలి. కలెక్టరు కార్యాలయంలో ముద్ర వేసిన నకలు అడిగి తీసుకోండి. రెండవ అర్జీకి అదే ఆధారం.