కుక్క దురదకు మన మాత్రలొద్దు

పట్టణాల్లో కుక్కల పెంపకంతో పాటే ఇంట్లోని మందులు వాటికీ వేసే అలవాటు కనిపిస్తోంది. మనకు అలర్జీ అంటే తుమ్ములు. కుక్కల్లో అది ఎక్కువగా చర్మం మీదే బయటపడుతుంది. పాదాలు నాకుతుంటుంది, చెవులు గోక్కుంటుంది. ఒంటికి పట్టే పురుగుల కాటు, దుమ్ము, పుప్పొడి, రోజూ పెట్టే చికెన్, పెరుగు... ఏదైనా కారణం కావచ్చు.

సిట్రిజిన్ చాలా కుక్కల్లో అంతగా పనిచేయదు. సూడోఎఫెడ్రిన్ కలిసిన జలుబు మాత్ర అయితే ప్రాణం మీదకు తెస్తుంది. యాంటీబయాటిక్స్ అనవసరంగా వాడితే మందులకు లొంగని బ్యాక్టీరియా పెరిగి, ఇంట్లోవాళ్లకూ సోకవచ్చు.

పశువైద్యుడి సలహాతో ముందు పురుగులను అదుపు చేయాలి. తిండి మీద అనుమానముంటే కనీసం 8 వారాలు ఆయన సూచించిన ఆహారమే పెట్టాలి. మధ్యలో బిస్కెట్ ముక్క పెట్టినా ఆ పరీక్ష వృథా.